మిరియం దూరాల లెక్క: ఏడు నెలల ప్రాజెక్టు డైరీ

2024 జూన్ 16, ఆదివారం

మిరియం మా ఇంటికి వచ్చి ఈ రోజుకు ఎనిమిది రోజులయింది. రాజమహేంద్రవరంలో గోదావరి రైల్వే స్టేషను వెనుక సందులో, ఒక టీ కొట్టు బల్ల కింద పెరిగిన నల్లటి ఆడకుక్క అది. కొట్టు ఎత్తేశాక దాన్ని పట్టించుకునేవారు లేకపోయారు. ఎవరో కర్రతో కొట్టడంతో ముందరి ఎడమకాలు వాచి, మూడు కాళ్ల మీద గెంతుతూ కనిపించింది. ఇంటికి తెచ్చాను అని రాయడం సులువే కానీ, నిజానికి దుప్పటిలో చుట్టి ఆటోలో పడేసి తెచ్చాను. అందుకు అది నన్ను ఎప్పటికి క్షమిస్తుందో చూడాలి. పళ్లను బట్టి ఏడాదిన్నర వయసు ఉండవచ్చని పశువుల డాక్టరుగారు చెప్పారు. చెవి కొన కత్తిరించి ఉంది కాబట్టి పిల్లలు పుట్టకుండా ఆపరేషను ఎప్పుడో అయిపోయిందన్నమాట. రేబిస్ టీకా వేయించాము.

శిక్షణ మాట తర్వాత, ముందు ఒంట్లో నొప్పి సంగతి చూడాలని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. కాలి వాపు, చెవుల్లో చీము, ఒళ్లంతా పిడుదులు ఉన్నాయి. చెవి సలుపుతున్న కుక్క తల మీద చెయ్యి వేస్తే కరవడం దాని స్వభావం కాదు, నొప్పి చేయించే పని. రెండు వారాల మందులు పూర్తయ్యేవరకు ఎవరమూ దాన్ని తాకకూడదని నిర్ణయించుకున్నాము. మాత్రలు బెల్లం, నెయ్యి కలిపిన అన్నం ముద్దలో వెళుతున్నాయి.

మెట్ల కింద గోనె సంచులు పరిచిన చోటే దాని స్థావరం. అటు పెరట్లోకి, ఇటు పోర్టికోలోకి రెండు వైపులా దారి ఉండేలా అడ్డుగా ఉన్న సామాను తీసేశాను, ఎందుకంటే పారిపోయే దారి ఉన్న కుక్కకు కరవవలసిన అవసరం తక్కువ.

నేను జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతాను కాబట్టి కొలవనిదే ఏ పనీ నాకు కుదురుగా అనిపించదు. ఈ పుస్తకంలో రోజూ నాలుగు గడులు నింపుతాను: ఏది ఎదురైంది, ఎన్ని అడుగుల దూరంలో, ఆ సమయంలో మిరియం తిన్నదా లేదా, మామూలు స్థితికి రావడానికి ఎన్ని నిమిషాలు పట్టింది. పోర్టికోలో పరిచిన రాళ్లు రెండేసి అడుగులవి, అందువల్ల టేపు అవసరం లేదు.

జూన్ 20

భయాల పట్టిక సిద్ధమైంది. చీపురు ఎత్తి పట్టుకున్న మనిషి, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, తల మీదుగా వచ్చే చెయ్యి, అన్నిటినీ మించి గ్యాస్ సిలిండర్. సిలిండర్ అబ్బాయి గేటు దగ్గర బండను నేలకు దించగానే ఖంగుమన్న శబ్దానికి మిరియం గోడకు అతుక్కుపోయింది. అతను గేటు వైపు రెండడుగులు వేసేసరికి పళ్లన్నీ బయటపెట్టి దూకింది. గేటు వేసి ఉండబట్టి సరిపోయింది. నలభై నిమిషాల వరకు చికెన్ ముక్క పెట్టినా ముట్టలేదు.

విచిత్రమేమిటంటే రైలు అంటే దానికి లెక్కే లేదు. రాత్రి వంతెన మీద గూడ్సు బండి వెళుతున్న మోతకు మా ఇంటి కిటికీ తలుపులు అదురుతాయి, అది మాత్రం చెవి కూడా కదపదు. కుక్కపిల్ల పుట్టిన మూడో వారం నుంచి సుమారు పన్నెండో వారం వరకు చూసినవీ విన్నవీ లోకంలో మామూలు విషయాలుగా దాని బుర్రలో నమోదవుతాయని స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు ఏళ్ల తరబడి కుక్కపిల్లలను పెంచి చూపించారు. ఆ వారాల్లో మిరియం రైళ్లు విన్నది, టీ గ్లాసుల చప్పుడు విన్నది. సిలిండర్ బండను మాత్రం వినలేదని నా ఊహ. ఆ వారాలు తెరిచి ఉన్న కిటికీ లాంటివి, ఆ కిటికీ ఇప్పుడు మూసుకుపోయింది. ఇప్పుడు గోడకు కన్నం పెట్టుకోవాలి, అంతే.

జూన్ 27

నాన్నగారికి, నాకు ఈ రోజు వాదన జరిగింది. ఆయన పడక కుర్చీ పక్కగా వెళుతుంటే మిరియం గుర్రుమంది. ఆయన చేతికర్ర ఎత్తి, "ఒక్కటి తగిలిస్తే దారికి వస్తుందమ్మా, మా ఊళ్లో కుక్కలన్నీ అలాగే పెరిగాయి" అన్నారు. ఆ కర్రే దాన్ని మన గుమ్మం దాకా తెచ్చింది నాన్నా అన్నాను.

గుర్రుమనడాన్ని నేను పొగరుగా చూడడం లేదు. అది అంతకు ముందే చాలా చెప్పింది: మూతి నాక్కుంది, నిద్ర లేకుండానే ఆవులించింది, మొహం పక్కకు తిప్పి కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూసింది, తోకను కాళ్ల సందున దాచుకుంది, ఒళ్లు బిగుసుకుపోయింది. ఇవేవీ మనకు అర్థం కాకపోతే చివరికి గొంతు విప్పింది. గుర్రుమన్నందుకు కొడితే కుక్క గుర్రుమనడం మానేస్తుంది, భయపడడం మానదు. అప్పుడిక చెప్పకుండా కరుస్తుంది. మా కళాశాల ప్రయోగశాలలో ఫ్యూజు కాలిందని దానికి బదులు మందపాటి రాగి తీగ బిగించిన మనిషి ఒకడుండేవాడు. ఆ తీగ ఇక కాలదు, ప్రమాదం మాత్రం అలాగే ఉంటుంది. వాదనకు ఆ ఉదాహరణ పనికొచ్చింది, ఎందుకంటే నాన్నగారు విద్యుత్తు శాఖలో పనిచేసి పదవీవిరమణ చేశారు.

కర్రను తలుపు వెనక పెట్టడానికి ఒప్పుకున్నారు.

జూలై 3

మందులు పూర్తయ్యాయి. కాలు నేల మీద ఆనిస్తోంది. అసలు పని మొదలుపెట్టాను.

అరచేతిలో ముక్క పెట్టుకుని రా రా అని పిలవడం చాలామంది చేసే పని, మొదటి రెండు రోజులు నేనూ అదే చేశాను. మిరియం వెనక కాళ్లు వెనకే ఉంచి, మెడ మాత్రం గజం పొడవు సాచి, ముక్క లాక్కుని పారిపోయేది. ఆకలి దాన్ని ముందుకు లాగుతోంది, భయం వెనక్కి లాగుతోంది. ముక్క నోట్లో పడిన క్షణంలో ఆకలి పక్కకు తప్పుకుని భయం ఒక్కటే మిగులుతోంది. ఆ క్షణంలో నేను తుమ్మినా కరుస్తుంది.

ఇప్పుడు పద్ధతి మార్చాను. దానికి పక్కవాటుగా, చూపు కలపకుండా నేల మీద కూర్చుంటాను. మామూలు ముక్కను, అంటే అన్నం అద్దిన బిస్కెట్టును, నాకూ దానికీ మధ్యన వేస్తాను. అది వచ్చి తినగానే మంచి ముక్కను, అంటే ఉడికించిన కోడి కార్జాన్ని, దాని వెనక్కి దూరంగా విసురుతాను. దగ్గరికి వస్తే కొంచెం లాభం, దూరం జరిగితే ఎక్కువ లాభం. దూరం జరగడమే దానికి కావలసింది కాబట్టి రెండు బహుమతులు ఒకేసారి అందుతాయి, మళ్లీ దగ్గరికి రావడానికి ధైర్యం మిగులుతుంది. ముక్క శనగగింజకన్నా పెద్దది కాకూడదు. రోజుకు నలభై ముక్కలైనా వెళతాయి కాబట్టి ఆ మేరకు రాత్రి అన్నం తగ్గిస్తున్నాను.

తొలి రోజు పద్దెనిమిది అడుగులు. నాలుగో రోజుకు పన్నెండు.

జూలై 14

నా తప్పు ఒకటి బయటపడింది, వివరంగా రాసుకోవాలి.

వారం రోజులుగా సిలిండర్ శబ్దానికి విరుగుడు చేస్తున్నాననుకుంటున్నాను. గేటు బయట ఎవరైనా వస్తున్నట్టు అనిపించగానే నడుముకు కట్టుకున్న గుడ్డ సంచిలోంచి కార్జం తీసి మిరియానికి పెట్టడం, ఆ తర్వాత ఆ మనిషి కనిపించడం జరుగుతూ వచ్చింది. నిన్నటి నుంచి నేను సంచి కట్టుకుంటే చాలు, అది చెవులు వెనక్కి వాల్చి గేటు వైపు చూస్తోంది. కార్జం తీస్తే ఇంకా వణుకుతోంది. తిండిని చూపించి భయాన్ని పోగొట్టబోయి, భయానికి తిండిని కబురులా చేశాను.

గంట మోగించి తిండి పెడుతూ, చివరికి గంటకే కుక్కల నోట్లో లాలాజలం ఊరేలా చేసిన పావ్లోవ్ అనే శాస్త్రవేత్త కథను మా విద్యార్థులకు నేనే ఏటా చెబుతాను. గంట ముందు మోగాలి, తిండి తర్వాత రావాలి. వరస తిరగేస్తే గంటకు లాలాజలం ఊరదు. ఇక్కడ గంట అంటే ఆ మనిషి. ముందు మనిషి కనిపించాలి, మిరియం అతన్ని గమనించాలి, ఆ తర్వాత ఒకటి రెండు సెకన్లలో ముక్కల వాన కురవాలి. మనిషి కనుమరుగు కాగానే వాన ఆగిపోవాలి. ఇది తెలిసి కూడా చెయ్యి ముందుకు పోతూనే ఉంటుంది, ఎందుకంటే భయపడేది కుక్క ఒక్కటే కాదు, నేనూ భయపడుతున్నాను.

సరిదిద్దుకోవడానికి సంచిని రోజంతా కట్టుకుని తిరుగుతున్నాను. వంట చేసేటప్పుడు, పేపర్లు దిద్దేటప్పుడు కూడా నడుముకు అదే ఉంటోంది. పదిసార్లలో తొమ్మిదిసార్లు ఏమీ జరగదు కాబట్టి సంచికి ఉన్న చెడ్డపేరు పోతుందని ఆశ. విద్యార్థులు చిల్లర సంచి అనుకుంటున్నారు.

జూలై 28

ఈ వారం భయాల జోలికే వెళ్లలేదు. ముక్కుతో చేసే పనులు పెట్టాను. గుడ్ల అట్టలో ముక్కలు దాచి పైన పాత న్యూసుపేపరు ఉండలు కప్పడం, చిరిగిన తువ్వాలును చుట్టలా చుట్టి మడతల్లో ముక్కలు పెట్టడం, మూడు కొబ్బరి చిప్పలు బోర్లించి ఒకదాని కింద మాత్రమే ముక్క ఉంచడం. మొదటి రోజు కొబ్బరి చిప్ప దొర్లిన చప్పుడుకు పారిపోయింది. ఆరో రోజు ముక్కు పెట్టి తనే దొర్లించింది, అది డడడమని మెట్టు దిగిపోతే ఆగి చూసి, వెంటపడి వెళ్లింది.

నా దృష్టిలో ఈ నెల మొత్తంలో ముఖ్యమైన ఘట్టం అదే. చప్పుడు ఎక్కడినుంచో వచ్చి దాని మీద పడలేదు, అది చేస్తే వచ్చింది. ఆ తేడా దానికి తెలిసిందనడానికి తోకే సాక్ష్యం: మొదటిసారి వెన్నుకన్నా పైకి లేచింది.

ఆగస్టు 11

సిలిండర్‌ను విడదీశాను. అంటే దాని భయాన్ని. ఖాళీ బండ ఒకటి మా దగ్గరే ఉంది. కదలని బండ, కదిలే బండ, బండ చేసే శబ్దం, బండ లేని మనిషి, బండతో మనిషి అని అయిదు భాగాలు చేసుకున్నాను. కదలని బండకు మూడు రోజులు చాలాయి. శబ్దానికి ఎక్కువ పట్టింది. మొదట పెరటి చివర, నలభై అడుగుల అవతల, గోనె సంచి మీద పెట్టిన బండను నాన్నగారు చెంచాతో ఒక్కసారి తట్టేవారు. చప్పుడు వినగానే నేను ముక్కలు వేసేదాన్ని. మిరియం చెవి తిప్పి విని, వెంటనే నా వైపు "ఏదీ ముక్క" అన్నట్టు చూస్తే ఆ మెట్టు దాటినట్టు లెక్క. చూడకుండా బిగుసుకుంటే ఆ రోజు దూరం పెంచాలి. ఒక విడతకు అయిదు తట్లే, రోజుకు రెండు విడతలే.

చేతికర్రతో మొదలైన నాన్నగారు చెంచా దగ్గరికి వచ్చారు. ఆయనే ఇప్పుడు ఎక్కువ నియమం పాటిస్తున్నారు. ఆరో తట్టు వేయమంటే "అయిదే అన్నావుగా" అంటారు.

1924లో మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కుందేలంటే హడలిపోయే ఒక చిన్నపిల్లవాడికి ఇష్టమైన తిండి పెడుతూ, పంజరంలోని కుందేలును కొద్దికొద్దిగా దగ్గరికి జరిపి భయం పోగొట్టింది. వంద ఏళ్ల తర్వాత మా పెరట్లో జరుగుతున్నది అదే ప్రయోగం. కుందేలు స్థానంలో ఖాళీ సిలిండర్ ఉంది.

ఈ రోజు లెక్క: చెంచా శబ్దం పదహారు అడుగులు, తిన్నది, అర నిమిషంలో తేరుకుంది.

సెప్టెంబరు 3

వాన. పనేమీ జరగలేదు.

సెప్టెంబరు 8, ఆదివారం

నిన్న వినాయక చవితి. వీధి మొదట్లో పందిరి వేశారు, పొద్దున్నుంచి రాత్రి పదకొండు దాకా మైకు మోగింది. మిరియం ఉదయం కాసేపు వణికి, తర్వాత మెట్ల కింద కదలకుండా పడుకుంది. అలవాటు పడిందని సంతోషించి, ఈ పుస్తకంలో "మైకు: బాగా ఓర్చుకుంది" అని రాసుకున్నాను. ఆ వాక్యాన్ని కొట్టేయకుండా అలాగే ఉంచుతున్నాను.

ఈ రోజు మధ్యాహ్నం పెద్దమ్మ కొడుకు, మా అన్నయ్య, వచ్చాడు. "నాకు కుక్కలంటే భయం లేదులేవే" అంటూ, నేను వంటింట్లోంచి వచ్చేలోపే మెట్ల కిందికి వంగి, ఉండ్రం పట్టుకున్న చెయ్యిని దాని తల మీదుగా పోనిచ్చాడు. మిరియం గుర్రుమనలేదు. చేతి వెనక భాగంలో కరిచి వదిలేసింది. రెండు పళ్ల గాట్లు పడ్డాయి, రక్తం వచ్చింది.

కుళాయి కింద చెయ్యి పెట్టించి, గడియారం చూసుకుంటూ పదిహేను నిమిషాలు సబ్బుతో కడిగించాను. పసుపు పెడతానన్న పెద్దమ్మను ఆపడం ఒక పని అయింది. కుక్కకు టీకా ఉన్నా సరే, ప్రభుత్వాసుపత్రికి తీసుకువెళ్లాను. గాయంలో రేబిస్‌ను అప్పటికప్పుడు అడ్డుకునే ఇమ్యునోగ్లోబులిన్ మందు, చేతికి మొదటి మోతాదు టీకా ఇచ్చి, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు మళ్లీ రమ్మన్నారు. అన్నయ్య దారి పొడుగునా నన్నే ఓదార్చాడు. తప్పు నాది. గేటు తీసేముందు మిరియాన్ని గదిలో ఉంచవలసింది.

సెప్టెంబరు 15

వారమంతా పుస్తకం తిరగేశాను. గురువారం సిలిండర్ వచ్చింది. శుక్రవారం ఎదురింటి వాళ్లు గోడ కొట్టించారు. శనివారం పదిహేను గంటల మైకు. ఒక్కొక్కటీ విడిగా ఓర్చుకోగలిగినదే, కానీ కుండలో నీళ్లలా ఒకదాని మీద ఒకటి పడి అంచు దాకా వచ్చాయి. అన్నయ్య చెయ్యి ఆఖరి చెంబు. నా నాలుగు గడుల్లో ప్రతిరోజూ విడిగానే ఉంది, నిన్నటి నుంచి మిగిలినదాన్ని కలిపి చూసే గడి లేదు. ఈ రోజు అయిదో గడి గీశాను: గత మూడు రోజుల బరువు.

మైకు రోజున కదలకుండా పడుకోవడం గురించి కూడా ఇప్పుడు వేరే అభిప్రాయం ఉంది. 1967లో సెలిగ్మన్, మేయర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగంలో, తప్పించుకునే వీలు లేకుండా విద్యుత్ షాకులు తిన్న కుక్కలు తర్వాత తప్పించుకునే దారి ఉన్నా కదలక పడుకున్నాయి. ఆ ప్రయోగం నాకు నచ్చదు, అది చెప్పిన సంగతిని మాత్రం మరచిపోకూడదు. ప్రశాంతంగా ఉన్న కుక్క ఒళ్లు వదులుగా ఉంటుంది, కళ్లు మూస్తుంది, పక్క మారుతుంది, పెడితే తింటుంది. మిరియం ఆ రోజు పొద్దున్నుంచి నీళ్లు కూడా తాగలేదని అమ్మ తర్వాత చెప్పింది. తిన్నదా లేదా అన్న గడిని నేను ఆ ఒక్క రోజు ఖాళీగా వదిలేశాను.

పక్కింటి మాస్టారు వచ్చి, కుక్కకు యజమాని ఎవరో తెలియజెప్పాలని, వెల్లకిలా పడదోసి మెడ నొక్కిపట్టాలని, తోడేళ్ల గుంపులో నాయకుడు అలాగే చేస్తాడని సలహా ఇచ్చారు. పెద్దవారు, మంచిమనసుతో చెప్పారు. ఆ మాటకు మూలం 1947లో రుడాల్ఫ్ షెంకెల్ రాసిన పరిశీలన అని, ఆయన చూసినవి బోనులో కుదించి పెట్టిన తోడేళ్లని, అడవిలో తోడేళ్ల గుంపు అంటే తల్లీ తండ్రీ పిల్లలూ ఉన్న కుటుంబమని తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మీచ్ 1999లో విడమర్చి రాశాడని చెప్పాను. మాస్టారు కాసేపు ఆలోచించి, "అయితే మన ఇళ్లలాగే అన్నమాట" అన్నారు. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందో లేదో తేల్చుకోలేకపోయాను.

సెప్టెంబరు 29

మూతికి చిక్కం అలవాటు చేస్తున్నాను. కుప్ప నూర్చేటప్పుడు ఎద్దులు గడ్డి తినకుండా కట్టే చిక్కం లాంటిదే, ప్లాస్టిక్ బుట్ట ఆకారంలో ఉంటుంది. బజారులో దొరికే గుడ్డ పట్టీ రకం కొనకూడదు. అది నోటిని మూసి పట్టేస్తుంది, కుక్క నోరు తెరిచి రొప్పితేనే ఒంటి వేడి తగ్గుతుంది, మన ఎండల్లో నోరు కట్టేయడం ప్రమాదం. బుట్టలో నోరు పూర్తిగా తెరుచుకోవాలి, నాలుక బయటికి రావాలి, నీళ్లు తాగగలగాలి.

నేను చిక్కాన్ని దాని మూతికి తగిలించను. లోపల గడ్డ పెరుగు రాసి పట్టుకుంటాను, అదే మూతి లోపలికి పెడుతుంది, తీసుకుంటే తీసుకుంటుంది. మొదటి వారం పట్టీ బిగించలేదు. రెండో వారం ఒక క్షణం బిగించి తీశాను. ఇప్పుడు చిక్కం చేతిలోకి తీసుకుంటే తోక ఊపుతూ వస్తోంది. అది పెరుగు గిన్నె అనుకుంటున్నట్టుంది, అనుకోనీ.

అక్టోబరు 20

దీపావళికి పదకొండు రోజులు. నెల రోజులుగా ఫోనులో టపాకాయల శబ్దాలను వినీవినిపించనంత చిన్నగా పెట్టి, ముక్కలు వేస్తూ కొంచెం కొంచెం పెంచుకొస్తున్నాను. మిరియం ఇప్పుడు ఫోను శబ్దానికి తల కూడా తిప్పడం లేదు. ఇది చూసి మురిసిపోకూడదని నా చదువు హెచ్చరిస్తోంది. ఫోను స్పీకరు చిన్నది, లక్ష్మీ బాంబులోని లోతైన అదురును అది పలికించలేదు. నేల ద్వారా పాదాలకు తగిలే కంపనం అందులో అసలే ఉండదు. అంటే నేను టపాకాయలో పై సగానికి మాత్రమే అలవాటు చేస్తున్నాను.

మిగిలిన సగానికి వేరే ఏర్పాటు చేశాను. లోపలి గదిలో మంచం కింద దాని గోనె సంచులు, కిటికీకి రెండు దుప్పట్లు, ఎయిర్ కూలర్ హోరు. డాక్టరుగారు ఆ ఒక్క రోజుకు భయం తగ్గించే మాత్ర రాసిచ్చారు, మోత మొదలుకాక ముందే వేయాలన్నారు. కేవలం మత్తునిచ్చే మాత్రలు వద్దని కూడా చెప్పారు, అవి కాళ్లను పడుకోబెడతాయి కానీ లోపలి భయాన్ని అలాగే ఉంచేస్తాయట. సెప్టెంబరు 7 తర్వాత ఆ మాట నాకు వెంటనే అర్థమైంది.

నవంబరు 1

నిన్న సాయంత్రం ఆరు నుంచి రాత్రి పన్నెండు దాకా నేను, మిరియం మంచం దగ్గర కూర్చున్నాము. ఎనిమిది గంటలకు పెద్ద మోతలు మొదలైనప్పుడు అది వచ్చి నా మోకాలికి ఆనుకుంది. వీపు మీద చెయ్యి వేసి ఉంచాను. భయపడుతున్న కుక్కను దగ్గరికి తీస్తే భయాన్ని మెచ్చుకున్నట్టు అవుతుందని ఒక వాదం ఉంది, దాన్ని నేను ఒప్పుకోను. బహుమతి ఇస్తే పెరిగేది పని. భయం పని కాదు, ముక్క కోసం ఎవరూ భయపడరు.

తొమ్మిదిన్నరకు కార్జం తిన్నది. పన్నెండింటికి పెరట్లోకి వెళ్లి వచ్చింది. తిన్నది, తాగింది, పక్క మార్చింది: మూడు గడులూ నింపాను. ఈ రోజు, రేపు, ఎల్లుండి పూర్తి సెలవు.

నవంబరు 24

ఉదయం అయిదింటికి గోదావరి గట్టుకు వెళుతున్నాము. మెడకు బెల్టు కాకుండా ఛాతీ చుట్టూ వచ్చే పట్టీ, దానికి పది అడుగుల తాడు, మూతికి చిక్కం. తాడు ఎప్పుడూ వదులుగా, నవ్వుతున్న పెదవిలా వేలాడాలి. నేను బిగపడితే ఏదో ముంచుకొస్తోందని అది అనుకుంటుంది.

హెల్మెట్ పెట్టుకున్న పాలబ్బాయితో కొత్త ఆట మొదలైంది. దూరంగా అతను కనిపించగానే మిరియం చూస్తుంది, చూసిన క్షణానే నేను "సరి" అంటాను, అది నా వైపు తిరిగి ముక్క తీసుకుంటుంది. పది రోజులకు అదే అతన్ని ఒకసారి చూసి, నేను అనకముందే నా మొహం చూడడం మొదలుపెట్టింది. చూడవద్దని దాన్ని ఎప్పుడూ లాగలేదు. భయపెట్టేదాన్ని చూసే హక్కు దానికి ఉండాలి, చాలనుకున్నప్పుడు తిరిగి వెళ్లే హక్కు కూడా ఉండాలి; రెండోసారి చూశాక అది పక్కకు తిరిగి నడిస్తే నేనూ వెంట నడుస్తాను.

ముట్టుకోవడానికి కూడా ఇదే నియమం. ఛాతీ పక్కన మూడు సెకన్లు నిమిరి చెయ్యి తీసేస్తాను. ముక్కుతో నా చేతిని పొడిస్తే మళ్లీ మూడు సెకన్లు, మొహం తిప్పుకుంటే అంతటితో సరి. నిన్న వరసగా తొమ్మిదిసార్లు పొడిచింది. పేపర్లు దిద్దడం ఆగిపోయింది.

డిసెంబరు 22

పాలబ్బాయి: ఎనిమిది అడుగులు. చీపురు ఎత్తిన మనిషి: ఇరవై అడుగులు, ఇంతకన్నా దగ్గరికి రావడం లేదు, రెండు నెలలుగా ఇక్కడే ఉంది. కొన్ని గాయాలు లోతైనవి. అమ్మ మిరియం పెరట్లో ఉన్నప్పుడు మాత్రమే వాకిలి ఊడుస్తోంది, అది కూడా పరిష్కారమే.

2025 జనవరి 14, సంక్రాంతి

పట్టికలో లేనిది వచ్చింది. పొద్దున్న ఎనిమిదింటికి సన్నాయి, డోలుతో గంగిరెద్దు మా గేటు దగ్గరికి వచ్చింది. రంగురంగుల బొంతలు కప్పి, కొమ్ములకు కుచ్చులు, మెడలో గంటలు కట్టిన అంత పెద్ద ఎద్దును మిరియం జన్మలో చూసి ఉండదు. భోగి మంట పొగ, నిన్నటి పిల్లల గోల కలిపి అయిదో గడిలో బరువు బాగానే ఉంది, అందుకని లోపలికి తీసుకుపోబోయాను.

అది కదలలేదు. బిగుసుకోనూ లేదు. పోర్టికోలో, గేటుకు ఇరవై రెండు అడుగుల దూరంలో, తన చాప మీద నిలబడి చూసింది. రెండడుగులు వెనక్కి వేసింది, ఒళ్లు ఒక్కసారి దులుపుకుంది, మళ్లీ ముందుకు ఒకడుగు వేసి గాలిలో ముక్కు ఎత్తి వాసన పట్టింది. గంగిరెద్దు తల ఊపింది, గంటలు మోగాయి. మిరియం నా వైపు చూసింది. ముక్క వేశాను, తిన్నది. అమ్మ చాటలో బియ్యం పోసి వచ్చేవరకు, అంటే ఆరు నిమిషాలు, చూడడం తిరగడం తినడం అలాగే సాగింది. గంగిరెద్దులతను డోలు భుజానికెత్తుకుంటూ, "మీ కుక్క ఆట చూసే రకం తల్లీ, అరవదు" అన్నాడు.

తేరుకోవడానికి పట్టిన సమయం గడిలో ఏమి రాయాలో తెలియక గీత పెట్టాను.

ఫిబ్రవరి 2, ఆదివారం

సిలిండర్ అబ్బాయితో ముందే మాట్లాడుకున్నాను. అతను ఆదివారం పని ముగించుకుని, నిండు బండ లేకుండా, మా ఖాళీ బండతోనే అరగంట సాయం చేస్తానన్నాడు. "కరిస్తే మేడమ్?" అని అడిగాడు. చిక్కం ఉంటుంది, గేటు వేసి ఉంటుంది, నువ్వు దాని వైపు చూడకుండా నిలబడితే చాలు అన్నాను.

మొదట చేతులూపుకుంటూ గేటు బయట అటూ ఇటూ నడిచాడు: పది అడుగులు, తిన్నది. బండను భుజాన పెట్టుకుని నడిచాడు: పద్నాలుగు అడుగులు, తిన్నది. గోనె సంచి మీద మెల్లగా దించాడు: మిరియం చెవులు వెనక్కి వెళ్లాయి, నా వైపు చూసింది, తిన్నది. చివరగా గోనె సంచి తీసేసి సిమెంటు మీద మామూలుగా దించమన్నాను. ఖంగుమంది. మిరియం మూడడుగులు వెనక్కి దూకి, నిలబడి, గేటు వైపు ఒకసారి, నాన్నగారి వైపు ఒకసారి చూసింది. ఆయన చేతిలో చెంచా లేదు.

ఇరవై అడుగులు. ఇరవై సెకన్లలో తిన్నది. అక్కడితో ఆపాము. ఇంకొక్కసారి చేద్దామని అబ్బాయి ఉత్సాహపడ్డాడు, వద్దన్నాను. అతను గేటు మీదుగా ఒక కార్జం ముక్కను దూరంగా, దాని వెనక్కి పడేలా విసిరాడు, ఎలా విసరాలో నాన్నగారు నేర్పారు.

మూడు రోజులు సెలవు. గురువారం గోనె సంచి ఒక మడతతో, ఇరవై రెండు అడుగుల నుంచి.